యూనిట్ 7: అశ్వవైద్యశాల నిర్వహణలో డిజిటల్ సాధనాలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• గుర్రాల వైద్యసేవలో రికార్డుల నిర్వహణ, కుక్కలు, పశువుల వైద్యశాలల రికార్డుల కంటే ఎందుకు భిన్నమో వివరించగలుగుతారు.
• మైక్రోచిప్, ఫోటోలు, రేఖాచిత్రం సహాయంతో ఒక గుర్రాన్ని ఎలా గుర్తించాలో చెప్పగలుగుతారు.
• టీకాలు, చూలు పరీక్షలు, మందు విరామం వంటి తేదీలను స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించగలుగుతారు.
• ఎక్స్‌రే చిత్రాలు, నడక వీడియోలు, మందుల నిల్వ, బిల్లులకు ఉపయోగపడే సాధనాలను పోల్చగలుగుతారు.
• ఒక చిన్న వైద్యశాలకు తగిన సాధనాన్ని ఎంచుకొనే పద్ధతిని రూపొందించగలుగుతారు.

7.1 పరిచయం

ఒక సందర్భాన్ని ఊహించండి. హైదరాబాదు శివార్లలో ఒక గుర్రపుశాల. రాత్రి పదిన్నర దాటింది. పెళ్ళి ఊరేగింపుల కోసం పెంచుతున్న ఒక గుర్రం కడుపునొప్పితో పొర్లుతోంది. యజమాని ఊళ్ళో లేడు. శాలలో ఉన్న సాయీసు వైద్యునికి ఫోన్ చేశాడు. వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న: "ఈ రోజు దానికి ఏదైనా ఇంజెక్షన్ ఇచ్చారా?" సాయీసు జవాబు: "మధ్యాహ్నం ఎవరో వచ్చి ఇచ్చారు సార్. ఏం మందో తెలియదు. సీసా పారేశారు."

ఈ జవాబులో ఉన్న ప్రమాదాన్ని గ్రహించండి. ఫ్లూనిక్సిన్ వంటి నొప్పి తగ్గించే మందు కడుపునొప్పి లక్షణాలను కొంతసేపు కప్పిపుచ్చుతుంది. శస్త్రచికిత్స అవసరమైన గుర్రం కూడా నెమ్మదించినట్లు కనిపిస్తుంది. అదే మందును తొందరపడి మళ్ళీ ఇస్తే మూత్రపిండాలకు, జీర్ణాశయానికి హాని కలగవచ్చు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారు అనే ఒక్క వాక్యం దొరికితే వైద్యుని నిర్ణయం మారిపోతుంది. ఆ వాక్యం ఏదో ఒక డైరీలో ఉండవచ్చు. కాని ఆ సమయానికి గుర్రం పక్కన లేదు.

ఈ యూనిట్ చెప్పే ముఖ్య విషయం ఇదే. డిజిటల్ సాధనం విలువను దాని ధరను బట్టి గాని, కొత్తదనాన్ని బట్టి గాని అంచనా వేయకూడదు. సరైన గుర్రానికి సంబంధించిన సరైన సమాచారం, గుర్రం పక్కన నిలబడిన మనిషికి, అవసరమైన క్షణంలో అందుతోందా అన్నదే కొలబద్ద.

గుర్రాల విషయంలో దీనికి ప్రత్యేక శ్రద్ధ ఎందుకు కావాలి? 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్లకు పైగా ఉన్నాయి. గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి దాదాపు 3.4 లక్షలు, గాడిదలు సుమారు 1.2 లక్షలు, కంచరగాడిదలు సుమారు 84 వేలు మాత్రమే. కాబట్టి ప్రభుత్వ వ్యవస్థలు ప్రధానంగా పాడిపశువుల కోసం, మార్కెట్లో దొరికే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా కుక్కలు, పిల్లుల కోసం తయారయ్యాయి. వాటిని గుర్రాలకు వాడేటప్పుడు ఎక్కడ పొసగవో మీరు ముందే తెలుసుకొని ఉండాలి.

ఒక గమనిక: రోగ నిర్ణయం, మందు, మోతాదు రిజిస్టరైన పశువైద్యుని బాధ్యత. ఈ యూనిట్ వైద్యశాల నిర్వాహకులుగా, సహాయకులుగా పనిచేయబోయే మీకు రికార్డు నిర్వహణను మాత్రమే నేర్పుతుంది.

7.2 మొదటి మెట్టు: ఇది ఏ గుర్రం?

పాడిపశువులకు చెవిపోగు ఉంటుంది. దాని మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. గుర్రాలకు ఆ పద్ధతి లేదు. "రాజా", "బాద్‌షా" అనే పేర్లు ఒకే శాలలో రెండు మూడు గుర్రాలకు ఉండవచ్చు. అమ్మకం జరిగితే పేరు మారిపోతుంది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, నల్లని జూలు ఉన్న రెండు గుర్రాలను పక్కపక్కన కట్టేస్తే కొత్తవారు తేడా చెప్పలేరు. ఒక గుర్రానికి వేసిన ధనుర్వాతం టీకా మరొక గుర్రం పేరున నమోదైతే, రెండు రికార్డులూ ఒకేసారి తప్పవుతాయి. అందువల్ల గుర్తింపు లేని రికార్డు ఎంత అందంగా ఉన్నా నమ్మదగినది కాదు.

గుర్తింపునకు మూడు ఆధారాలను కలిపి వాడండి.

(అ) మైక్రోచిప్: ఇది బియ్యపుగింజ పరిమాణంలో ఉండే చిన్న పరికరం. వైద్యుడు దీన్ని గుర్రం మెడకు ఎడమవైపున, నడినెత్తికీ మూపుకూ మధ్య భాగంలో, జూలుకు కొంచెం దిగువన ఉండే బంధకంలో సూదితో అమరుస్తాడు. ఐ.ఎస్.ఓ. 11784, 11785 ప్రమాణాలను అనుసరించే చిప్‌లో 15 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి మూడు అంకెలు దేశాన్ని గాని, తయారీదారుని గాని సూచిస్తాయి. 134.2 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేసే రీడరును మెడ దగ్గర పెట్టినప్పుడు ఆ సంఖ్య కనిపిస్తుంది.

చాలామందిలో ఒక అపోహ ఉంది. చిప్ గుర్రం ఎక్కడుందో చూపిస్తుందని అనుకొంటారు. చిప్‌లో బ్యాటరీ లేదు, జి.పి.ఎస్. లేదు. యజమాని పేరు గాని, టీకాల వివరాలు గాని అందులో ఉండవు. అది తాళంచెవి వంటిది. దానితో తెరవవలసిన పెట్టె మీ రికార్డు. కొత్త చిప్ వేసే ముందు మెడకు రెండు వైపులా రీడరుతో చూడాలి. పాత చిప్ ఉండగా మరొకటి వేస్తే ఒకే గుర్రానికి రెండు సంఖ్యలు ఏర్పడతాయి.

(ఆ) ఫోటోలు: ఎడమ, కుడి, ముందు, వెనక వైపుల నుంచి నాలుగు ఫోటోలు, ముఖానికి దగ్గరగా ఒకటి. గుర్రం సమతలమైన నేల మీద నిలబడాలి. వెలుగు ఫోటో తీసేవారి వెనక నుంచి రావాలి.

(ఇ) రేఖాచిత్రం: తెల్లమచ్చలు, కాళ్ళ మీది తెలుపు, సుడులు, పాత గాయాల గుర్తులను గుర్రం బొమ్మ మీద గీయడం. మన వైపు గుర్రాన్ని కొనేటప్పుడు సుడులను శుభాశుభాల కోసం చూస్తారు. రికార్డులో అవే సుడులు వేలిముద్రల వలె ఉపయోగపడతాయి. ఒంటి నిండా ఒకే రంగు ఉండి తెల్లమచ్చ లేని గుర్రాన్ని గుర్తించడానికి సుడుల స్థానమే ప్రధాన ఆధారం.

ఇంగ్లాండులో 2020 అక్టోబరు నుంచి దాదాపు అన్ని గుర్రాలకు మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. మన దేశంలో పందెపు గుర్రాల వంశావళి నమోదు పుణెలోని భారత స్టడ్‌బుక్ సంస్థ ద్వారా జరుగుతుంది. కాని ఊరేగింపు గుర్రాలకు, జట్కా గుర్రాలకు, బరువులు మోసే గాడిదలకు అటువంటి నమోదు సాధారణంగా ఉండదు. వాటికి మీ వైద్యశాల రికార్డే మొదటి గుర్తింపు పత్రం కావచ్చు.

7.3 కేసు రికార్డు: ఏమి రాయాలి, ఎక్కడ రాయాలి?

కుక్కను యజమాని వైద్యశాలకు తీసుకొని వస్తాడు. గుర్రం దగ్గరికి వైద్యుడే వెళ్తాడు. కాబట్టి రికార్డు కూడా వెళ్ళాలి. శాలలో కంప్యూటరు ఉండదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా సరిగా ఉండదు. నెట్ లేకపోయినా పనిచేసి, సిగ్నల్ దొరికాక సమాచారాన్ని పంపే సాధనం ఇక్కడ కావాలి. ఉదాహరణకు ఓ.డి.కె. కలెక్ట్ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌లో మీరు తయారుచేసిన ప్రశ్నావళిని నెట్ లేకుండా నింపవచ్చు. తరవాత దాన్ని సర్వరుకు పంపవచ్చు.

ప్రతి సందర్శనకు ఈ అంశాలు నమోదు కావాలి:
1. తేదీ, సమయం, స్థలం.
2. గుర్రం చిప్ సంఖ్య లేదా వైద్యశాల సంఖ్య.
3. ఫిర్యాదు, సాయీసు చెప్పిన మాటలు.
4. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస.
5. వైద్యుని పరిశీలన, రోగ నిర్ణయం.
6. ఇచ్చిన మందు, మోతాదు, ఇచ్చిన మార్గం, సమయం, బ్యాచ్ సంఖ్య.
7. మళ్ళీ చూడవలసిన తేదీ.
8. నమోదు చేసినవారి పేరు.

విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం ఉష్ణోగ్రత సాధారణంగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు, నాడి నిమిషానికి 28 నుంచి 44 వరకు ఉంటుంది. మీ ఫారంలో ఈ హద్దులు పెట్టి, వాటిని దాటిన అంకె ఎర్రగా కనిపించేట్లు చేయండి. అప్పుడు తొందరలో 38.4కు బదులు 83.4 అని కొట్టినా తప్పు వెంటనే తెలుస్తుంది.

గుర్రాల రికార్డులో మరొక ప్రత్యేకత ఉంది. కుక్కకు యజమాని ఒక్కడే, బిల్లు కట్టేదీ అతడే. పందెపు గుర్రానికి ముగ్గురు నలుగురు భాగస్వాములు ఉండవచ్చు. గుర్రం శిక్షకుని దగ్గర ఉంటుంది. రోజూ దాన్ని చూసుకొనేది సాయీసు. అందువల్ల ప్రతి గుర్రానికీ నాలుగు ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచాలి: యజమానులు ఎవరు? గుర్రం ఎవరి అధీనంలో ఉంది? శస్త్రచికిత్సకు అనుమతి ఇవ్వగలిగేది ఎవరు? బిల్లు ఎవరికి పంపాలి? అర్ధరాత్రి శస్త్రచికిత్స అవసరమైనప్పుడు ఈ నాలుగు పేర్ల కోసం వెతుక్కొనే సమయం ఉండదు. ఒక జంతువుకు ఒకే యజమాని పేరు రాయడానికి మాత్రమే వీలున్న సాఫ్ట్‌వేరు గుర్రాల వైద్యశాలకు పనికిరాదు.

వాట్సాప్ గురించి కూడా చెప్పుకోవాలి. మన వైద్యశాలల్లో నిజంగా ఎక్కువగా వాడుతున్న సాధనం అదే. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్ళు, సిద్ధంగా ఉంచుకొనే జవాబులు ఉపయోగకరం. కాని వాట్సాప్ సంభాషణ రికార్డు కాదు. ఫోన్ పోతే, మెసేజ్ తొలగిస్తే సమాచారం పోతుంది. ఫోటోతో పాటు గుర్రం సంఖ్య ఉండదు. వచ్చిన ముఖ్య సమాచారాన్ని ఆ రోజే కేసు రికార్డులోకి ఎక్కించాలనే నియమం పెట్టుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
(అ) మైక్రోచిప్‌లో ఏ సమాచారం ఉంటుంది? ఏది ఉండదు?
(ఆ) గుర్రం రికార్డులో యజమాని పేరుతో పాటు ఇంకా ఎవరి పేర్లు ఉండాలి? ఎందుకు?

7.4 తేదీలను గుర్తుంచుకొనే సాధనాలు

గుర్రాల వైద్యంలో కొన్ని పనులు ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫలితం మారిపోతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

కవల చూలు పరీక్ష: గుర్రానికి కవలలు పడితే చూలు పోవడం, కష్టప్రసవం వంటి ప్రమాదాలు ఎక్కువ. అండం విడుదలైన 14 నుంచి 16 రోజుల మధ్య స్కానింగ్ చేస్తే రెండు పిండాలున్నాయేమో తెలుస్తుంది. దాదాపు 16వ రోజు వరకు పిండం గర్భాశయంలో కదులుతూ ఉంటుంది కాబట్టి, ఆలోగా వైద్యుడు ఒకదాన్ని తొలగించడం సులభం. జూన్ 3న అండం విడుదలైతే స్కానింగ్ జూన్ 17, 18, 19 తేదీలలో జరగాలి. స్ప్రెడ్‌షీట్‌లో అండం విడుదల తేదీ ఉన్న గడికి 14 కలిపితే మొదటి తేదీ వస్తుంది. ఈ చిన్న లెక్కను ఫోన్ క్యాలెండరుకు జోడిస్తే చాలు.

చూలు గుర్రానికి టీకాలు: గుర్రపు హెర్పిస్ వైరస్ వల్ల చూలు పోకుండా సాధారణంగా 5, 7, 9 నెలల చూలులో టీకా వేస్తారు. ఒకే పొలంలో పది చూలు గుర్రాలుంటే ముప్పై తేదీలు అవుతాయి. వీటిని జ్ఞాపకంలో ఉంచుకోవడం ఎవరివల్లా కాదు.

పోటీ గుర్రాలకు ఇన్‌ఫ్లుయెంజా టీకా: అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య పోటీలకు వెళ్ళే గుర్రానికి, వేదిక చేరే తేదీకి ముందు 6 నెలల 21 రోజుల లోపల బూస్టర్ వేసి ఉండాలి. జనవరి 10న వేసిన బూస్టర్ జులై 31 వరకు సరిపోతుంది. ఆగస్టు 1న చేరే గుర్రానికి అది సరిపోదు. మన దేశంలో 1987లోను, 2008-09లోను గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించింది. టీకా తేదీలు కేవలం కాగితాల లాంఛనం కావని ఆ అనుభవం చెబుతుంది.

గుర్తుచేసే మెసేజ్ ఇద్దరికి వెళ్ళాలి: యజమానికి, గుర్రం అధీనంలో ఉన్నవారికి. యజమాని దుబాయిలో ఉండి, గుర్రం శంషాబాద్ దగ్గర శాలలో ఉంటే ఒక్కరికే పంపిన మెసేజ్ ప్రయోజనం నెరవేర్చదు. మెసేజ్ తెలుగులో గాని, హిందీలో గాని, చదివేవారికి వచ్చిన భాషలో రాయండి. చదవడం రాని సాయీసుకు వాయిస్ మెసేజ్ పంపండి.

పందెపు గుర్రాల విషయంలో మరొక తేదీ ఉంది. ఒక మందు ఇచ్చిన తరవాత ఎంతకాలం వరకు పరీక్షలో బయటపడుతుందో ప్రయోగాలలో తేలిన వ్యవధిని 'గుర్తింపు కాలం' అంటారు. దానికి వైద్యుడు కొంత భద్రతా వ్యవధి కలిపి నిర్ణయించేది 'విరామ కాలం'. ఈ రెండూ ఒకటి కావు. సాఫ్ట్‌వేరులో గుర్తింపు కాలాన్నే విరామ కాలంగా నమోదు చేస్తే గుర్రం పరీక్షలో పట్టుబడవచ్చు, శిక్షకునికి శిక్ష పడవచ్చు. విరామ కాలం గడిని వైద్యుడు మాత్రమే నింపేట్లు ఏర్పాటు చేయండి.

7.5 బరువు, మోతాదు లెక్క

శాలలో గుర్రాన్ని తూచే తూనిక ఉండడం అరుదు. అంచనాగా చెప్పిన బరువు చాలా తప్పు కావచ్చు. కొలటేపుతో రెండు కొలతలు తీసుకొంటే మెరుగైన అంచనా వస్తుంది. మొదటిది ముందుకాళ్ళ వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత. రెండవది భుజం మొన నుంచి పిరుదు మొన వరకు శరీరం పొడవు. రెండూ సెంటీమీటర్లలో ఉండాలి.

బరువు (కిలోలు) = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 11,880

ఉదాహరణ: చుట్టుకొలత 160, పొడవు 145 సెంటీమీటర్లు అనుకొందాం.
160 × 160 × 145 = 37,12,000
37,12,000 ÷ 11,880 = సుమారు 312 కిలోలు.

ఈ గుర్రం 400 కిలోలు ఉంటుందని యజమాని చెప్పాడనుకోండి. వైద్యుడు కిలోకు 1.1 మిల్లీగ్రాముల చొప్పున, మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములున్న ఫ్లూనిక్సిన్ ఇవ్వదలిచాడు. 400 కిలోలకు 8.8 మిల్లీలీటర్లు అవుతుంది. 312 కిలోలకు సుమారు 6.9 మిల్లీలీటర్లే. అంచనాను నమ్మితే పావు వంతుకు మించి ఎక్కువ మందు పడుతుంది.

ఈ లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి పెట్టి, సూత్రాలున్న గడులకు తాళం వేయండి. లేకపోతే ఎవరో పొరపాటున సూత్రాన్ని చెరిపివేసి అంకె రాస్తారు. ఆ అంకె తరవాతి గుర్రానికీ కనిపిస్తుంది. ఈ సూత్రం పెద్ద గుర్రాలకు మాత్రమే. పిల్లలకు, గాడిదలకు వేరే సూత్రాలున్నాయి, దీన్ని వాడకూడదు. కంప్యూటరు చెప్పిన మోతాదును సిరంజిలో నింపే ముందు వైద్యుడు తన లెక్కతో సరిచూసుకోవాలి.

7.6 చిత్రాలు, నడక పరీక్ష

ఇప్పుడు గుర్రాల వైద్యంలో తేలికైన ఎక్స్‌రే యంత్రాన్ని, వైర్‌లెస్ ప్లేటును వాహనంలో తీసుకొని వెళ్తున్నారు. చిత్రం కొన్ని సెకన్లలో ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. ప్లేటును చేత్తో పట్టుకోకుండా పొడవాటి పిడిగల పట్టుతో పట్టుకోవాలి. సీసపు ఆప్రాన్ వేసుకోవాలి. చిత్రం డిజిటల్ అయినంత మాత్రాన కిరణాల ప్రమాదం పోదు.

వైద్య చిత్రాలను డైకామ్ అనే ప్రమాణంలో భద్రపరుస్తారు. డైకామ్ ఫైలులో చిత్రంతో పాటు గుర్రం పేరు, సంఖ్య, తేదీ, ఏ కాలు, ఏ కోణం అన్న వివరాలు కూడా ఉంటాయి. తెరను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఈ వివరాలన్నీ పోతాయి, చిత్రం నాణ్యత తగ్గుతుంది. ఎడమకాలు, కుడికాలు తారుమారయ్యే ప్రమాదం కూడా ఉంది. మరొక నిపుణుని అభిప్రాయం కోరేటప్పుడు అసలు డైకామ్ ఫైలునే పంపండి. ఈ ఫైళ్ళను ఒకచోట దాచి వెతకడానికి బెల్జియంలో తయారైన ఆర్థాంక్ వంటి ఉచిత సర్వరు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

కుంటును పరీక్షించడంలో కూడా డిజిటల్ సాధనాలు వచ్చాయి. స్వల్పమైన కుంటు విషయంలో అనుభవజ్ఞులైన వైద్యులు కూడా ఏ కాలిదో అన్న దాని మీద ఏకాభిప్రాయానికి రాకపోవచ్చు. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి వచ్చిన ఒక పరికరంలో తల మీద, తుంటి మీద, కుడి ముందుకాలి గిట్ట పైన చిన్న సెన్సర్లు అమరుస్తారు. గుర్రం దుడుకు నడకలో వెళ్తున్నప్పుడు తల, తుంటి పైకి కిందికి కదలడంలోని అసమానతను అవి కొలుస్తాయి. స్వీడన్‌కు చెందిన స్లీప్ యాప్ ఫోన్ కెమెరా వీడియో నుంచే అటువంటి విశ్లేషణ చేస్తుంది.

ఈ సాధనాలు అసమానతను కొలుస్తాయి, కారణాన్ని చెప్పవు. గిట్టలో చీము పట్టిందా, లాడం మేకు తగిలిందా, కీలు వాచిందా అన్నది వైద్యుడు చేతితో, గిట్ట పటకారుతో, అవసరమైతే మొద్దుబార్చే ఇంజెక్షన్లతో తేల్చవలసిందే.

ఖరీదైన పరికరం లేకపోయినా మీరు మంచి వీడియో తీయించవచ్చు. సాయీసుకు ఇలా చెప్పండి: గట్టి, సమతలమైన నేల. గుర్రాన్ని వదులుగా పట్టుకొని నేరుగా పరిగెత్తించాలి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఇరవై సెకన్ల చొప్పున తీయాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. గిట్టలు, తల రెండూ కనిపించాలి. వీడియో మొదట్లో గుర్రం పేరు, తేదీ పైకి చెప్పాలి. నెల తరవాత అదే నేల మీద మళ్ళీ తీస్తే పోల్చడానికి వీలవుతుంది.

7.7 మందుల నిల్వ, బిల్లులు

అశ్వవైద్యశాలకు రెండు మందుల గదులున్నట్లు లెక్క. ఒకటి కార్యాలయంలో, మరొకటి వాహనంలో. నిల్వ సాఫ్ట్‌వేరులో వాహనాన్ని ప్రత్యేక స్థలంగా చూపించాలి. కార్యాలయం నుంచి వాహనానికి మారిన మందు అమ్ముడుపోయినట్లు కాదు. గడువు ముందుగా ముగిసే మందు ముందుగా వాడేట్లు జాబితాను గడువు తేదీ క్రమంలో పేర్చండి. మత్తుమందుల వంటి నియంత్రిత మందులకు ప్రతి మిల్లీలీటరు లెక్క, వాడిన గుర్రం, సంతకం ఉండాలి.

చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు వాహనంలోని పెట్టె ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. పెట్టెలో చిన్న ఉష్ణోగ్రత నమోదు పరికరం పెడితే రోజంతా ఎంత ఉందో సాయంత్రం చూడవచ్చు. ఐస్ ముక్కకు ఆనుకొని గడ్డకట్టిన టీకా కూడా పనికిరాదని గుర్తుంచుకోండి.

బిల్లులో భాగస్వాముల వాటాలు రావాలి. ఉదాహరణకు రూ. 12,000 బిల్లు, ముగ్గురి వాటాలు 50, 30, 20 శాతం అయితే రూ. 6,000, రూ. 3,600, రూ. 2,400 చొప్పున మూడు బిల్లులు తయారు కావాలి. ప్రతి బిల్లు మీద గుర్రం సంఖ్య ఉండాలి. యు.పి.ఐ. ద్వారా వచ్చిన డబ్బు ఏ బిల్లుకు చెందిందో ఆ రోజే జతచేయాలి. జంతువుల ఆరోగ్యానికి సంబంధించి పశువైద్యశాల అందించే సేవలకు జి.ఎస్.టి. మినహాయింపు ఉంది. మందులను విడిగా అమ్మితే సంగతి వేరు. అందుకని సేవ, మందు వేరువేరు వరుసలలో చూపించండి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
(అ) ఛాతీ చుట్టుకొలత 150, పొడవు 140 సెంటీమీటర్లు ఉన్న గుర్రం బరువు ఎంత?
(ఆ) గుర్తింపు కాలానికి, విరామ కాలానికి తేడా ఏమిటి?

7.8 అంటువ్యాధి వచ్చినప్పుడు రికార్డు విలువ

గ్లాండర్స్ అనేది బర్ఖోల్డేరియా మల్లీ అనే బాక్టీరియా వల్ల గుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు వచ్చే ప్రాణాంతక వ్యాధి. ఇది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద దీన్ని తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీని నిర్ధారణలో కీలకపాత్ర వహిస్తుంది.

ఒక గుర్రానికి వ్యాధి ఉందని తేలగానే అధికారులు అడిగేవి మూడే: ఈ గుర్రం ఎక్కడెక్కడికి వెళ్ళింది? దాని పక్కన ఏవి ఉన్నాయి? దాన్ని ఎవరు తాకారు? పెళ్ళిళ్ళ సీజనులో ఒక గుర్రం వారంలో నాలుగు ఊళ్ళు తిరగవచ్చు. మీ రికార్డులో ప్రతి సందర్శన స్థలం, తేదీ, పక్కనున్న గుర్రాల సంఖ్యలు ఉంటే జాబితా గంటలో తయారవుతుంది. లేకపోతే అనుమానంతో ఇంకా ఎన్నో గుర్రాలను కట్టడి చేయవలసి వస్తుంది. ఆ గుర్రం మీద బతికే కుటుంబానికి ప్రతిరోజూ ఆదాయ నష్టమే.

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో జరుగుతున్న పోటీలలో గుర్రపు హెర్పిస్ వైరస్ వ్యాపించి గుర్రాలు చనిపోయాయి. ఆ తరవాత అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య, పోటీకి వచ్చే గుర్రాల ఉష్ణోగ్రతలను తన ఫోన్ యాప్‌లో నమోదు చేసే పద్ధతి తెచ్చింది. ఇందులో వాడిన పరికరం మామూలు థర్మామీటరే. దాని అంకె ఒకచోట చేరి అందరికీ కనిపించడమే కొత్త విషయం.

7.9 భద్రత, సాధనం ఎంపిక

రికార్డులో యజమానుల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 అటువంటి సమాచారాన్ని బాధ్యతగా వాడాలని చెబుతుంది. పందెపు గుర్రం ఆరోగ్య సమాచారం బయటికి పొక్కితే బెట్టింగుల మీద కూడా ప్రభావం పడుతుంది. కాబట్టి ప్రతి ఉద్యోగికీ వేరు పాస్‌వర్డ్ ఇవ్వండి. ఉద్యోగం మానినవారి ప్రవేశాన్ని అదే రోజు తొలగించండి. సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలలో, ఒకటి మరొకచోట ఉంచండి. నెలకొకసారి ఆ ప్రతి నుంచి ఒక గుర్రం రికార్డును తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు.

సాధనాన్ని కొనే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:
1. నెట్ లేనప్పుడు పనిచేస్తుందా?
2. చిప్ సంఖ్యతో గుర్రాన్ని వెతకవచ్చా?
3. ఒక గుర్రానికి అనేక యజమానులను, వాటాలను చూపవచ్చా?
4. వాహనంలోని నిల్వను వేరుగా చూపుతుందా?
5. రేపు వేరే సాఫ్ట్‌వేరుకు మారితే మన సమాచారాన్నంతా బయటికి తీసుకోవచ్చా?
6. చేతికి తొడుగు వేసుకొని, ఎండలో నిలబడి, ఒక నిమిషంలో నమోదు చేయగలమా?

ఈజీవెట్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లు, ఓపెన్‌వి.పి.ఎం.ఎస్. వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. రోజుకు నాలుగైదు గుర్రాలను చూసే వైద్యశాలకు మొదటి సంవత్సరం ఒక స్ప్రెడ్‌షీట్, ఒక ఫోన్ క్యాలెండరు, ఒక చిప్ రీడరు సరిపోవచ్చు. మొదట నెలరోజులు కాగితం మీద పై ఎనిమిది అంశాలు తప్పకుండా రాయడం అలవాటు చేసుకోండి. కాగితం మీద రాయనివారు కంప్యూటరులోనూ రాయరు.

7.10 సారాంశం

పరిచయంలోని గుర్రపుశాలకు మళ్ళీ వెళ్దాం. ఈసారి శాల గోడ మీద గుర్రం సంఖ్య, దాని కింద ఒక క్యూఆర్ కోడ్ అతికించి ఉన్నాయి. మధ్యాహ్నం వచ్చిన వైద్యుడు మందు పేరు, మోతాదు, సమయం తన ఫోన్‌లో నమోదు చేశాడు. రాత్రి ఫోన్ రాగానే రెండో వైద్యుడు సంఖ్య అడిగి రికార్డు తెరిచాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఫ్లూనిక్సిన్ ఇచ్చినట్లు, బరువు 312 కిలోలని, అనుమతి ఇవ్వవలసినవారి నంబరు కనిపించాయి. మందు ఇచ్చిన తరవాత కూడా నొప్పి తిరిగి వచ్చిందంటే పరిస్థితి తీవ్రమని గ్రహించి, దారిలోనే యజమానితో మాట్లాడి, గుర్రాన్ని శస్త్రచికిత్స వసతి ఉన్నచోటికి తరలించే ఏర్పాటు మొదలుపెట్టాడు. గుర్రం బతుకుతుందని ఏ సాధనమూ హామీ ఇవ్వదు. కాని నిర్ణయానికి అవసరమైన సమయాన్ని రికార్డు మిగిల్చింది.

గుర్తింపు, నమోదు, తేదీ, లెక్క, చిత్రం, నిల్వ, భద్రత - ఈ క్రమంలోనే సాధనాలను సమకూర్చుకోవాలి. గుర్తింపు తప్పితే తరవాతివన్నీ తప్పుతాయి.

7.11 మీ ప్రగతిని తెలుసుకోండి - జవాబులు

1. (అ) 15 అంకెల సంఖ్య ఉంటుంది. యజమాని పేరు, టీకాలు, ఉన్నచోటు ఉండవు. (ఆ) గుర్రం ఎవరి అధీనంలో ఉందో వారి పేరు, అనుమతి ఇవ్వగలిగినవారి పేరు, బిల్లు కట్టేవారి పేరు. గుర్రాల విషయంలో వీరు వేరువేరు వ్యక్తులు కావచ్చు.
2. (అ) సుమారు 265 కిలోలు. (ఆ) గుర్తింపు కాలం ప్రయోగాలలో తేలినది. విరామ కాలం దానికి భద్రతా వ్యవధి కలిపి వైద్యుడు నిర్ణయించేది.

7.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గుర్రాన్ని గుర్తించే మూడు ఆధారాలను వివరించి, వాటిలో ప్రతిదాని పరిమితిని చర్చించండి.
2. అంటువ్యాధి నియంత్రణలో వైద్యశాల రికార్డుల పాత్రను ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డైకామ్ ఫైలుకు, ఫోన్‌తో తీసిన ఎక్స్‌రే ఫోటోకు తేడా ఏమిటి?
2. వాట్సాప్ సంభాషణను కేసు రికార్డుగా ఎందుకు పరిగణించకూడదు?

III. అభ్యాస కృత్యం
మీకు దగ్గరలోని ఒక గుర్రపుశాలకు గాని, జట్కా స్టాండుకు గాని వెళ్ళండి. యజమాని అనుమతితో ఒక గుర్రానికి నాలుగు వైపుల ఫోటోలు తీసి, సుడులతో రేఖాచిత్రం గీసి, కొలటేపుతో బరువు అంచనా వేయండి. ఆ గుర్రానికి చివరిసారి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో అడగండి. జవాబు దొరకడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాయండి.